ఆరేళ్లు నిండేలోగా

ఉప్పలదిన్నె,
నవంబరు 14

సాయీ,

ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానంటావు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. అందుకని కావలి హాస్టల్ వదిలిన కొత్తల్లో రాసుకున్నట్టు కాగితం మీదే రాస్తున్నాను. నువ్వు కూడా కాగితం మీదే జవాబు రాయాలి. జైలు ఉద్యోగంలో చేరి పంతొమ్మిదేళ్లయినా ఫోన్లో మనసులో మాట చెప్పడం నాకింకా చేతకాలేదు.

ఇక్కడ సబ్‌జైల్లో ఆడవాళ్ల వార్డుకు నేనే హెడ్ వార్డర్‌ని. ఇప్పుడు తొమ్మిదిమంది ఆడవాళ్లు, ఒక చిన్నపిల్ల ఉన్నారు. పిల్ల పేరు చిట్టి. తల్లి మస్తానమ్మతోపాటు వచ్చినప్పుడు దానికి మూడేళ్లు దాటి కొద్ది నెలలు. నన్ను కెజమ్మా అని పిలుస్తుంది. నా లాఠీకి పాత చీర పేలిక చుట్టి జోకొడుతుంది.

మస్తానమ్మ మొగుడు సముద్రం మీద చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. ఏడాది తిరక్కముందే మొగుడి అన్న చిన్నపోలయ్య పడవ ఇంజిను విప్పుకుపోవడానికి వచ్చాడు. ఈమె అడ్డం పడింది, అతను తోశాడు, చేతికందిన తెడ్డుతో కొట్టింది. అతని ఎడమ కన్ను పోయింది. హత్యాయత్నం కేసు పెట్టారు. తప్పెవరిదో తేల్చాల్సింది జడ్జిగారు, నేను కాదు. కానీ తేల్చాలంటే ఈమె ఆయన ముందు నిలబడాలి కదా?

కోర్టు ఇక్కడికి నలభై కిలోమీటర్లు. ఖైదీని తీసుకెళ్లడానికి పోలీసులు బండితో రావాలి, ఆడమనిషి అయితే ఆడ కానిస్టేబుల్ కూడా ఉండాలి. బండి ఉన్ననాడు కానిస్టేబుల్ ఉండదు. ఇద్దరూ ఉన్ననాడు ఎవరో పెద్దాయన పర్యటన, అందరూ బందోబస్తుకు పోతారు. ఇప్పటికి పద్నాలుగు వాయిదాలు పోయాయి. వాయిదా రోజు మస్తానమ్మ తెల్లారే తల దువ్వుకుని, పిల్లకు జడ వేసి గేటు వైపు చూస్తూ కూర్చుంటుంది. మధ్యాహ్నం నేను వెళ్లి "ఈ రోజు లేదు" అని చెప్పాలి. పద్నాలుగుసార్లు చెప్పాను.

వచ్చే మార్చి పద్దెనిమిదికి చిట్టికి ఆరేళ్లు నిండుతాయి. ఆరు నిండిన పిల్ల జైల్లో తల్లి దగ్గర ఉండకూడదు. రూలు మంచిదే. కానీ ఆ రోజు పిల్లను ఎవరి చేతుల్లో పెట్టాలి?

మా సూపరింటెండెంట్ నరేంద్రబాబు గారు రెండేళ్లుగా ఒక వ్యాను, ఒక డ్రైవరు, ఒక ఆడ కానిస్టేబుల్ కావాలని పైకి రాస్తున్నారు. బడ్జెట్ కాగితాలన్నీ మీ ఆఫీసు మీదుగానే పోతాయంటావు కదా. మా వ్యాను ఎక్కడ ఆగిపోయిందో కాస్త చూసి చెప్పు.

నీ
కెజియా

*

మంగళగిరి,
నవంబరు 27

ఒసే కెజీ,

నీ ఉత్తరం చూసి మా బిందు "అమ్మా, నీకు ఉత్తరం వచ్చింది, ఎవరికైనా ఏమన్నా అయిందా?" అని కంగారు పడింది. ఇంటర్ చదివే పిల్లకు ఉత్తరమంటే కోర్టు నోటీసో, బ్యాంకు నోటీసో. నీ చేతిరాత చూపించి నవ్వాను. అక్షరాలు ఇంకా అట్లాగే, జామచెట్టెక్కినట్టు కుడివైపు పైపైకి పోతున్నాయి.

బొటనవేలు బొమ్మ గురించి తిట్టావు, పడ్డాను. ఇక్కడ నవంబరంటే ఎట్లా ఉంటుందో నీకు తెలియదు. అన్ని శాఖలూ వచ్చే ఏడాదికి ఏమేం కావాలో రాసి పంపుతాయి. అడిగినవన్నీ కలిపితే ఉన్నదానికి రెండింతలు తేలుతుంది. సగం కొట్టేయడమే మా సెక్షన్ పని. పొద్దున ఆఫీసులో కూర్చుంటే ఇంటికొచ్చేసరికి బిందు పడుకుని ఉంటోంది.

మీ వ్యాను ఫైలు వెతుకుతాను. అయినా మీ జైల్లో వీడియో పెట్టారు కదా, జడ్జిగారు దాంట్లోనే చూడవచ్చు కదా? రెండున్నరేళ్లయితే బెయిల్ ఎందుకు రాలేదు? ఉచిత వకీలు లేరా?

చిట్టికి ఒక గౌను పంపుతున్నాను. కొలత నువ్వు రాసిన వయసును బట్టి ఊహించి కొన్నాను. పొడుగైతే మడిచి కుట్టు.

నీ
సాయి

*

ఉప్పలదిన్నె,
డిసెంబరు 19

సాయీ,

గౌను సరిగ్గా సరిపోయింది. పచ్చరంగు. చిట్టి దాన్ని తొడుక్కుని తొమ్మిదిమంది దగ్గరికీ వెళ్లి "బాగుండానా?" అని అడిగింది. తొమ్మిదిమందీ బాగుండావనే అన్నారు. చివరికి ఆడవాళ్ల వార్డులోకి అడుగుపెట్టని నరేంద్రబాబు గారిని కూడా గేటు ఊచల్లోంచి పిలిచి అడిగింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

వీడియో గురించి అడిగావు. ఉంది. మొన్న పన్నెండున దాంట్లోనే విచారణ అన్నారు. మస్తానమ్మను కుర్చీలో కూర్చోబెట్టాం. తెర మీద జడ్జిగారు కనబడ్డారు, మాట రాలేదు. తర్వాత మాట వచ్చింది, బొమ్మ పోయింది. ఈమె ఖాళీ తెరకు దండం పెట్టి "అయ్యా, నేను ఈడనే ఉండానయ్యా" అంటూనే ఉంది. అవతల ఎవరో "లైను లేదు, జనవరికి వాయిదా" అన్నారు. పైగా అభియోగాలు చదివి వినిపించే రోజు మనిషి ఎదురుగా ఉండాలని జడ్జిగారి పట్టు. ఆయన్ను తప్పుపట్టలేను. మనిషి మొహం చూడకుండా అంత పెద్ద కేసు ఎట్లా నడుపుతారు?

ఇప్పుడు పదహారు వాయిదాలు.

చిట్టికి చదువు చెబుతున్నాను. అ నుంచి క్షమాపణ దాకా వచ్చాం అని నవ్వుతుంది మా వార్డులో ధనలక్ష్మి అనే పెద్దావిడ. పిల్లకు 'బస్సు' అన్న మాట రాయడం వచ్చుగానీ బస్సు ఎక్కిన జ్ఞాపకం లేదు. మా ఆయన కృష్ణపట్నం ప్లాంటుకు కంపెనీ బస్సు నడుపుతాడని చెబితే, "బస్సు ఇంట్లో పడుకుంటాదా?" అని అడిగింది. ఆ మాట ఆయనకు చెప్పాను. ఆయన లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు. మాకు పిల్లలు లేని సంగతి మేమిద్దరం ఎప్పుడో మాట్లాడుకోవడం మానేశాం.

వ్యాను సంగతి తెలిసిందా?

కెజియా

*

మంగళగిరి,
జనవరి 11

కెజీ,

ఆలస్యానికి ఏమీ అనుకోకు.

వ్యాను సంగతి చెబుతాను, ఓపికగా విను. ఖైదీ జైళ్ల శాఖ మనిషి. ఖైదీని తీసుకెళ్లాల్సింది పోలీసు శాఖ. నిలబడాల్సింది కోర్టులో, ఆ పద్దు వేరే. మీ సూపరింటెండెంట్ గారు జైళ్ల పద్దులో వ్యాను అడిగారు. అది పోలీసుల పని కదా అంటారు. పోలీసులను అడిగితే మాకు జిల్లా మొత్తానికి బళ్లున్నాయి, అందులోంచి పంపుతాం అంటారు. కోర్టు వాళ్లు మేం వీడియో ఇచ్చాం అంటారు. ముగ్గురూ చెప్పేది నిజమే. ఆ ముగ్గురి మధ్య ఉన్న నలభై కిలోమీటర్ల రోడ్డు ఎవరి పద్దులోనూ లేదు.

ఈసారి మళ్లీ ప్రతిపాదన వచ్చింది. నా బల్ల మీదే ఉంది. నేను పైకి పంపుతాను. పంపుతున్నాను. అంతకంటే ఇప్పుడేమీ చెప్పలేను.

పోయిన ఉత్తరంలో బెయిల్ గురించి అడిగాను. జవాబు రాయలేదు. మర్చిపోయావా?

చిట్టికి రంగు పెన్సిళ్లు పంపుతున్నాను. జైల్లోకి పెన్సిళ్లు రానిస్తారో లేదో, నువ్వే చూసుకో. బిందు తన పాత బొమ్మల పుస్తకాలు రెండు కలిపింది. ఒకదాంట్లో బస్సు బొమ్మ ఉంది.

సాయి

*

ఉప్పలదిన్నె,
ఫిబ్రవరి 6

సాయిలక్ష్మి గారికి,

నిన్న నరేంద్రబాబు గారు జిల్లా ఆఫీసు నుంచి పాత కాగితం ఒకటి తెచ్చారు. పోయిన ఏడాది మా ప్రతిపాదన ఎందుకు పోయిందో తెలుసుకుంటే ఈసారి జాగ్రత్తగా రాయవచ్చని ఆయన ఆశ. ఆ ప్రింటులో మా జైలు పేరు, పక్కన "వ్యాను ఒకటి, సిబ్బంది ఇద్దరు". దానికి ఎదురుగా, "వీడియో సౌకర్యం కలదు. అవసరం లేదు." కింద సెక్షన్ ఆఫీసర్ పేరు అచ్చులో ఉంది.

నీ పేరు.

ఆయన నన్ను అడిగారు, "ఈమె మీకు తెలుసా కెజియా గారూ? మీరు ఉత్తరాలు రాసేది ఈ పేరుకే కదా?" అని. ఆ పేరుతో నాకు తెలిసింది వేరే మనిషి, ఈమె తెలియదని చెప్పాను. పంతొమ్మిదేళ్లలో పై అధికారికి అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.

గౌను పంపావు. పెన్సిళ్లు పంపావు.

కెజియా

*

మంగళగిరి,
ఫిబ్రవరి 13

కెజీ,

'గారు' అని రాశావు. ఆ ఒక్క మాట చూసి ఆఫీసు మెట్ల మీదే కూర్చుండిపోయాను.

నిజం. కొట్టేసింది నేనే. నవంబరులో నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే తెలుసు. ఫైలు వెతుకుతానని రాశాను కదా, వెతకాల్సిన పనే లేదు. పోయిన ఏడాది దాన్ని కొట్టేసిన సాయంత్రం నా ముందు అట్లాంటివి రెండొందల పైన ఉన్నాయి. ఒక్కోదానికి రెండు నిమిషాలు. ఉప్పలదిన్నె పేరు కనబడగానే 'మా కెజీ ఊరే' అనుకున్నాను కూడా. అనుకుంటూనే కొట్టేశాను. అక్కడ తల దువ్వుకుని కూర్చునే మనిషి ఉంటుందని నాకు తోచలేదు. కాగితంలో "వ్యాను ఒకటి" అనే ఉంది.

నీకు చెప్పి ఉండాల్సింది. చెబితే నువ్వు రాయడం మానేస్తావని భయపడ్డాను. ఈ మూడు నెలల్లో నాకు వచ్చిన మంచి మాటలన్నీ నీ ఉత్తరాల్లోవే.

ఈ ఏడాది నా చేత్తో "అత్యవసరం" అని రాసి పైకి పంపాను. పై అధికారి విజయభాస్కర్ గారు మంచివారే, చదివారు. "పోయిన ఏడాది మీరే అక్కర్లేదన్నారు కదమ్మా? వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. నా మాటకు నా మాటే అడ్డం పడింది. బడ్జెట్‌లో మీ వ్యాను రావడం లేదు. నువ్వు ఇంకొకరి నోట వినకూడదని ముందే రాస్తున్నాను.

నన్ను తిట్టు. కానీ ఒకటి చెప్పు. బెయిల్ గురించి రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ దాటేశావు. హాస్టల్లో జ్వరం వచ్చినప్పుడు కూడా నువ్వు ఇట్లాగే మాట దాటేసేదానివి. ఏం దాస్తున్నావు కెజీ?

నీ
సాయి

*

ఉప్పలదిన్నె,
ఫిబ్రవరి 20

సాయీ,

నిన్ను తిట్టడానికి రెండుసార్లు కాగితం తీశాను. తిట్టే అర్హత లేక రెండుసార్లూ చించేశాను.

బెయిల్ వచ్చింది. నవంబరు ఏడునే వచ్చింది. నీకు నేను మొదటి ఉత్తరం రాసింది పద్నాలుగున.

ఉచిత వకీలు తెప్పించాడు. ఇద్దరు జామీను ఉంటే వదిలేస్తామని జడ్జిగారు రాశారు. మనిషికి ఇరవైవేల పూచీ. డబ్బు కట్టక్కర్లేదు, ఆస్తి కాగితమో, జీతం సర్టిఫికెటో చూపించి సంతకం పెట్టాలి. అంతే. కానీ వాళ్ల పాళెంలో పెద్దలు దురాయి వేశారు. మస్తానమ్మతో ఎవరూ మాట్లాడకూడదని కట్టుబాటు. పుట్టింటి వైపు ఎవరూ లేరు. వకీలు ఒకసారి పాళెం వెళ్లి ఉత్త చేతులతో వచ్చాడు. నేను వెళ్లలేదు. ఇది జైలు వాళ్ల పని కాదని నాకు నేను చెప్పుకున్నాను.

అసలు సంగతి అది కాదు. ఆరు నిండాక చిట్టిని మా ఇంట్లో పెంచుకుంటామని శిశు సంక్షేమ కమిటీకి అర్జీ రాసి బీరువాలో పెట్టాను. మా ఆయన సంతకం కూడా చేశాడు. ఇంటి ముందు ఊయల వేయడానికి తాడు కొనుక్కొచ్చాడు. మస్తానమ్మ బయటికొస్తే చిట్టి వెళ్లిపోతుంది. నేను వ్యాను కోసమే నీకు రాశాను, జామీను కోసం రాయలేదు. వ్యాను వస్తే కేసు నడుస్తుంది, కేసు తేలేసరికి ఏడాది పడుతుంది, ఈలోగా మార్చి వస్తుంది. ఇట్లా లెక్కేసుకున్నానో లేదో నాకే తెలియదు. వేసుకోలేదని మాత్రం ప్రమాణం చేయలేను.

జనవరిలో మస్తానమ్మను అడిగాను, పిల్లను నాకిస్తావా అని. ఏమందో తెలుసా? "నీ కాడ ఉంటే నాకు బయం లేదక్కా. కానీ నన్ను అడగబాకక్కా. సరే అనేస్తానేమోనని బయంగా ఉండాది."

ఆ మాట విన్నాక కూడా నెలన్నర ఊరుకున్నాను.

కెజియా

*

మంగళగిరి,
ఫిబ్రవరి 26

కెజీ,

నీ ఉత్తరం చదివి వెంటనే జీతం సర్టిఫికెట్‌కు అర్జీ పెట్టాను. ఈ రోజు చేతికొచ్చింది. ఆధార్, ఉద్యోగం కార్డు, ఫోటోలు, అన్నీ ఒక కవర్లో పెట్టుకున్నాను. ప్రభుత్వ ఉద్యోగి జామీను చెల్లుతుందని వకీలుకు ఫోన్ చేసి కనుక్కున్నాను. నువ్వు జైలు మనిషివి, నువ్వు ఉండకూడదు. నేను ఉండవచ్చు. మార్చి పదకొండు కోర్టు రోజు. నేను వస్తున్నాను.

ఇంకొకరు కావాలి. ఆ ఒక్కరిని నువ్వు తేవాలి.

'నేను చెడ్డదాన్ని' అని నువ్వు రాయలేదు గానీ కాగితం నిండా అదే ఉంది. పిల్ల లేని ఇంట్లో ఊయల తాడు కొనుక్కున్న మనిషి మీద నాకు కోపం రావడం లేదే. పాళెం వెళ్లు. ఎవరూ రాకపోతే అప్పుడు ఇంకోటి చూద్దాం. కానీ వెళ్లు.

సాయి

*

ఉప్పలదిన్నె,
మార్చి 4

సాయీ,

వెళ్లాను.

నిన్న నా సెలవు రోజు. మా ఆయన బండి మీద తీసుకెళ్లాడు. పాళెంలో వలలు ఆరేసి ఉన్నాయి, మగవాళ్లు వాటి మధ్య కూర్చుని చిరుగులు కట్టుకుంటున్నారు. మస్తానమ్మ పేరు ఎత్తగానే ఒక్కొక్కరూ వల మీదికి వంగిపోయారు. ఆరిళ్లు తిరిగాను. ఏడో మనిషి "ఆమె అత్త ఎంకటశేషమ్మ కాలనీలో ఉంటాది, ఆమె దగ్గిరికి మాత్రం పోబాకండి, కన్ను పోయింది ఆమె కొడుక్కే" అన్నాడు. అందుకే వెళ్లాను. ఇంకెవరూ మిగల్లేదు.

కాలనీ పాళేనికి అరమైలు ఉంటుంది. ఒంటిగది ఇల్లు. ముసలామె వాకిట్లో కూర్చుని నెత్తళ్ల చేపలు ఏరుతోంది. నేను యూనిఫాంలో లేను, అయినా "జైలమ్మవా?" అని అడిగింది. పిల్ల గురించి చెప్పాను. మార్చి పద్దెనిమిది గురించి చెప్పాను. జామీను గురించి చెప్పాను. ఆమె ఏరడం ఆపలేదు.

కాసేపటికి చిన్నపోలయ్య వచ్చాడు. తల్లికి బియ్యం తెచ్చాడు. ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. నేనెవరో తెలిసి బియ్యం సంచి కింద పడేశాడు.

"అమ్మా, నువ్వు గాని ఆమెకు పూచీ ఉంటే నేనింక ఈ వాకిలి తొక్కను."

ముసలామె తలెత్తింది. "నీ కన్ను పోయిందిరా నాయనా. నేను రోజూ ఏడస్తానే ఉండా. ఆ పొద్దు ఇంజిను కోసం యాడికి పోయినావు? చచ్చిపోయిన తమ్ముడి ఇంటికి పోయినావు. అది కూడా గుర్తుకొచ్చి ఏడస్తా ఉండా."

అతను వాకిట్లోనే గొంతుక్కూర్చుని నేల వైపు చూస్తూ, "ఇంజిను తీసుకోబోయిన మాట నిజమేలే" అన్నాడు, మాకు కాదు, నేలకు చెప్పినట్టు.

నేను దురాయి సంగతి గుర్తు చేశాను. పెద్దలు ఆమె మీద కూడా తప్పు వేస్తారేమో, ఆలోచించుకోమన్నాను. ముసలామె చేతులు కడుక్కుని లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. ఇంటి పన్ను రసీదు, పట్టా. ఇల్లు ఆమె పేరునే ఉంది.

"మాట్టాడకూడదనే గదమ్మా వాళ్లు చెప్పింది. నేను మాట్టాడను. వేలిముద్ర వేస్తా."

మా ఆయన తిరుగు దారిలో ఎక్కడా ఆపకుండా ఇంటికొచ్చి, ఊయల తాడు తీసి అటక మీద పెట్టేశాడు. నేను చూడలేదనుకున్నాడు.

పదకొండున రా.

నీ
కెజియా

*

మంగళగిరి,
మార్చి 14

కెజీ,

బిందుకు అంతా చెప్పాను. రెండోసారి కూడా చెప్పించుకుంది.

ఆ రోజు కోర్టు వరండాలో నిన్ను చూసి "చిక్కిపోయావే" అన్నాను. నువ్వు "నువ్వు లావయ్యావు" అన్నావు. నాలుగు నెలలు పేజీలు పేజీలు రాసుకున్న మనం ఎదురుపడితే అంతే మాట్లాడుకున్నాం.

లోపల జడ్జిగారు అడిగింది నీకు బయటికి వినబడి ఉండదు. "ముద్దాయి మీకేమవుతారు?" అన్నారు. ఏమీ కాదన్నాను. "ఎప్పటినుంచి తెలుసు?" అన్నారు. "నవంబరు నుంచండీ. ఉత్తరాల్లో తెలుసు" అన్నాను. ఆయన కాగితాల మీంచి తలెత్తి నన్ను చూశారు. "మీరు చేసేది ఏ ఉద్యోగం?" అన్నారు. చెప్పాను. ఆ తర్వాత ఏమీ అడగలేదు. వెంకటశేషమ్మను కూడా పిలిచి, "గాయపడిన మనిషి తల్లివి నువ్వే కదమ్మా, ఎవరైనా బలవంతం చేశారా?" అని అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపి వేలు ముందుకు చాపింది. గుమాస్తా ఇంకు పెట్టె తెచ్చేదాకా అట్లాగే చాపి ఉంచింది. ఇద్దరి జామీనూ ఒప్పుకున్నారు.

నేను నా బల్ల దగ్గరికి తిరిగొచ్చాను. మీ వ్యాను ఇంకా లేదు. మస్తానమ్మ ఇక వాయిదాకు తనే బస్సెక్కి వెళుతుంది. మిగతా ఎనిమిదిమంది మాత్రం తల దువ్వుకుని కూర్చుంటారు. అందుకని ఒక పని చేయి. ఒక్కొక్కరి పేరు, ఎన్ని వాయిదాలు పోయాయి, ఏ తేదీన ఎందుకు పోయిందో రాసి, నరేంద్రబాబు గారి చేత ప్రతిపాదనతోపాటు పంపించు. 'వ్యాను ఒకటి' అని మాత్రం పంపవద్దు. అట్లా పంపితే నా లాంటిది మళ్లీ రెండు నిమిషాల్లో కొట్టేస్తుంది. విజయభాస్కర్ గారికి చెప్పే ఉంచాను, ఈసారి పోలీసు, జైలు, కోర్టు ముగ్గురినీ ఒకే గదిలో కూర్చోబెట్టమని. చూద్దామన్నారు. వెంటపడతాను.

చిట్టి వెళ్లాక నువ్వెట్లా ఉన్నావో రాయి. దాచకు.

నీ
సాయి

*

ఉప్పలదిన్నె,
మార్చి 25

సాయీ,

పేర్లు, తేదీలు ఈ కవర్లోనే పెట్టాను. నాలుగు పేజీలు వచ్చాయి. నరేంద్రబాబు గారు చదివి, అసలు కాపీ పైకి పంపి, ఒకటి నీకు పంపమన్నారు. నువ్వెవరో ఆయనకు నిజం చెప్పేశాను. "ఆమెతో తగాదా పెట్టుకోకండమ్మా, మనకింకా పని ఉంది" అని నవ్వారు.

నేనెట్లా ఉన్నానని అడిగావు. మొదటి వారం బాగా లేను. వార్డులో లాఠీ ఎక్కడ పెట్టినా అది పెట్టినచోటే ఉంటోంది. అర్జీ కాగితం చించలేదు, పంపనూ లేదు. మా ఆయన మాత్రం ఒకరోజు బస్సు డిపోలో పెట్టకముందు, తల్లీపిల్లా ఇప్పుడుంటున్న ముసలామె కాలనీ మీదుగా తిప్పాడట, ఎందుకో నాకు చెప్పలేదు. చిట్టి చెప్పింది. "బస్సు పెద్దదిగా ఉండాది, ఇంట్లో పట్టదు" అంది.

మొన్న ఆదివారం ఇద్దరం వెళ్లాం. పద్దెనిమిదిన పుట్టినరోజు జరిగిందట, ముసలామె సేమ్యా పాయసం చేసిందట. పిల్లను బళ్లో చేర్చారు. మస్తానమ్మ పొద్దున హార్బరు దగ్గర చేపల షెడ్డులో పనికి పోతోంది. అత్తాకోడళ్లు మాత్రం ఇంకా మాట్లాడుకోవడం లేదు. ముసలామె పిల్లకు చెబుతుంది, "మీ అమ్మను తినమను." మస్తానమ్మ పిల్లకు చెబుతుంది, "మీ నాయనమ్మకు మాత్ర వేసుకోమను." దురాయిని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు.

మేం బయల్దేరబోతుంటే అయిదున్నర అయింది. వాకిట్లో ఆడుకుంటున్న చిట్టి ఉన్నట్టుండి ఆట ఆపేసి, వచ్చి గోడకు వీపు ఆనించి నిలబడింది. చేతులు రెండూ కిందికి దించి, గడ్డం ఎత్తి, కదలకుండా.

"ఏందమ్మా, అట్ట నిలబడినావు?" అంది ముసలామె.

"లెక్క పెట్టాల" అంది చిట్టి.

ముసలామెకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. సాయంత్రం వార్డుకు తాళం వేసేముందు అందరినీ వరసగా నిలబెట్టి లెక్కపెడతాం. పసిపిల్లను లెక్కలో రాయం. కానీ తనను వదిలేస్తే చిట్టి ఊరుకునేది కాదు. అందుకని రోజూ చివర్లో దాని బుగ్గ తాకి "పది" అనేదాన్ని. మస్తానమ్మ ఆ సంగతి చెప్పబోయి, అత్తతో చెప్పకూడదని గుర్తొచ్చి, నా వైపు చూసింది. నేనే చెప్పాను. చెప్పి, లేచి పిల్ల దగ్గరికి వెళ్లబోయాను. అలవాటైన పని. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

ముసలామె నేలకు అరచెయ్యి ఆనించి మెల్లగా లేచింది. కోడలి రెక్క పట్టుకుని తెచ్చి పిల్ల పక్కన గోడకు నిలబెట్టింది. తను కూడా నిలబడింది. ముందు తన గుండె మీద వేలు పెట్టుకుని "ఒకటి" అంది. కోడలి మొహంలోకి సూటిగా చూసి, భుజం మీద చెయ్యి వేసి "రెండు" అంది. వంగి చిట్టి తల నిమిరింది.

"మూడు. అందరం ఉండాము. ఇంక పోయి ఆడుకో పో."

చిట్టి మా నలుగురి మొహాలూ ఒకసారి చూసి, గోడను వదిలి పరిగెత్తింది.

నీ
కెజియా